డప్పు కప్ప, నేను పోసిన చేపలు

చంద్రపూర్ జిల్లాలో అటవీశాఖ నౌకరి చేశానంటే జనం అడిగేది ఒక్కటే: పులి కనబడిందా? కనబడింది. ముప్పై మూడేళ్లలో పులి నాకు దగ్గరగా ఎదురైంది ఐదుసార్లు. ఐదుసార్లూ అదే పక్కకు తప్పుకుంది. నేను చేసిందేమీ లేదు. కాబట్టి పులి గురించి కొత్తగా నౌకరిలో చేరినవాళ్లకు నేను చెప్పగలిగింది కూడా ఏమీ లేదు.

నాకు పని నేర్పింది ఒక కప్ప. ఈ మాట ఇప్పుడు నేనుండే చంద్రపూర్ తుకుం పేటలో మా పక్కింటాయనతో అంటే కాసేపు జాలిగా చూసి, చాయ్ తెప్పించాడు.

మా నాయన బొగ్గు గనిలో పని కోసం తెలంగాణ నుంచి ఘుగ్గుస్ వచ్చాడు. నేను గని క్వార్టర్లలో పుట్టి, మరాఠీ బడిలో చదివాను. తెలుగు రాయడం ఇంట్లో అమ్మ నేర్పింది. ఒత్తులు తప్పితే బాధ్యత ఆమెదే. పొద్దున ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి బూడిద రంగుకు తిరిగే చోటు నుంచి తప్పించుకోవాలని అడవి నౌకరికి దరఖాస్తు పెట్టాను. వేరే గొప్ప కారణం లేదు. వనరక్షక్‌గా, అంటే ఫారెస్టు గార్డుగా చేరి, చివరి పదేళ్లు రాజురా వైపు ఫారెస్టరుగా చేసి దిగిపోయాను. మధ్యలో ఏ ఉత్తర్వు ఎప్పుడు వచ్చిందో రాయను. నాకే గుర్తు లేదు.

కప్ప శాస్త్రీయ నామం, అది ఉండే చోటు కూడా రాయను. రాస్తే వచ్చే ఆదివారానికి అక్కడ కెమెరాలు, వాటి వెనక బిర్యానీ పొట్లాలు దిగుతాయి. ఆ పక్క పల్లెలో దాన్ని డప్పు కప్ప అంటారు. అది చాలు.

మంచి పని

నా రౌండులో, అంటే నేను చూసుకునే అడవి భాగంలో, టేకు, వెదురు కలిసిన ఒక లోయ ఉంది. దాని నడుమ నల్లమట్టి పల్లంలో వానాకాలం మోకాలి లోతు నీళ్లు నిలిచి, దీపావళి దాటాక మెల్లగా ఎండిపోయే కుంట ఉండేది. ఎండాకాలంలో చూస్తే పగుళ్లు బారిన నేల తప్ప ఏమీ కనబడదు.

అప్పటి మా రేంజరు కష్టపడే మనిషే. నా పై అధికారుల్లో చెడ్డవాళ్లు తక్కువ, ఫోటోలు ఇష్టమైనవాళ్లు ఎక్కువ. నీళ్లు తాగుతున్న జంతువు ఫోటో అంటే ఈయనకు ప్రాణం. ఒకరోజు ఆ కుంట చూపించి, దీన్ని లోతు చేసి గట్టు వేస్తే ఏడాదంతా నీళ్లుంటాయి కదా అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. మిషను తెప్పించి తవ్వించాం. దిగువన గట్టు వేశాం. పక్కన ఒక బోర్డు కూడా పాతాం: ఇక్కడ వన్యప్రాణులకు సంవత్సరమంతా నీరు లభించును.

పక్క పల్లెలో పోసవ్వ అనే ముసలామె ఉంది. తరాలుగా ఇక్కడే సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబం వాళ్లది. భూమి కొడుకులు చూసుకుంటారు, మేకలు ఆమె చూసుకుంటుంది. మిషను తవ్వుతుంటే వచ్చి నిలబడింది.

"ఏంది సాబ్, గింత లోతు దీస్తున్నరు?"

"నీళ్లు ఎండకుండ, పోసవ్వా. నీ మేకలకు గూడ మంచిదే."

"మేకలకు మంచిదే. మరి డప్పు కప్పలకో? అవి ఎండే కుంటలనే గుడ్లు పెడ్తయ్. ఎండే కుంటను ఎండనీయాలె."

నేను నవ్వాను. కప్పకు నీళ్లు ఎక్కువైతే నష్టమా అని అడిగాను కూడా. ఆమె నాకేసి ఒకసారి చూసి, మేకలను తోలుకొని పోయింది. ఆ ప్రశ్న నేను నిజంగా జవాబు కోసం అడిగి ఉంటే, ఈ రాతలో మిగతా భాగం ఉండేది కాదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ వానాకాలం కుంట నిండాక, నిండు నీళ్లు ఊరికే ఉన్నాయెందుకని, పల్లె చెరువు నుంచి రెండు క్యాన్లలో చేపపిల్లలు తెచ్చి అందులో పోశాను. ఎవరూ చెప్పలేదు. ఉత్తర్వు లేదు. నీళ్లున్న చోట చేపలుంటే బాగుంటుందనిపించింది, అంతే. నా నౌకరిలో ఎవరూ అడగకుండా చేసిన మంచి పనులు కొన్నే. వాటిలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది ఇది.

మేడం వచ్చింది

మూడు వానాకాలాలు గడిచాక స్వరూప మేడం వచ్చింది. వరంగల్ వైపు అమ్మాయి, కప్పల మీద పరిశోధన చేస్తోంది. రబ్బరు బూట్లు, వల, ప్లాస్టిక్ డబ్బాలు, ఒక పాత ఫోటో. ఫోటోలో గుండ్రంగా, గుప్పిట్లో పట్టేంత కప్ప. గోధుమరంగు వీపు, కళ్ల వెనక నుంచి నడుము దాకా రెండు చింతపండు రంగు చారలు.

"ఈ కప్ప చాలా జాగల్ల లేకుండ పోయిందన్నా. ప్రమాదంల ఉన్న జాతి. మీ లోయల ఉండేదని పాత రికార్డుల ఉంది," అంది.

ఆమె వెంట తిరుగుతూనే దాని సంగతి తెలుసుకున్నాను. ఏడాదిలో ఎక్కువ కాలం అది మట్టిలోనే ఉంటుంది. వెనక కాళ్ల మడమల దగ్గర పారలాంటి గట్టి అంచు ఉంటుంది, దాంతో తవ్వుకుంటూ వెనక్కి దిగుతుంది. అంటే భూమిలోకి పోయేటప్పుడు ఆఖరున కనబడేది దాని మొహం. చెదలు, చీమలు తింటుంది. మొదటి పెద్దవానకు పైకి వస్తుంది. మగవి ఒళ్లంతా గాలి నింపుకొని, నీళ్ల మీద బుడగల్లా తేలుతూ అరుస్తాయి. దూరం నుంచి వింటే ఎవరో డప్పు వేడి చేసుకుంటూ సరిచూసుకుంటున్నట్టు ఉంటుంది. గుడ్లు నీటి మీద ఒకే పొరలా పరుచుకుంటాయి. ఒకటి రెండు రోజుల్లో తోకపిల్లలవుతాయి. నెల తిరిగేలోపు కాళ్లు రావాలి, నేల మీదికి ఎక్కాలి. ఆ తర్వాత మళ్లీ ఏడాది దాకా వాటి జాడ ఉండదు.

"కుంట తొందరగ ఎండుతదని వాటికి భయం లేదా మేడం?" అని అడిగాను.

"ఎండేదే కావాలన్నా. ఏటా ఎండే కుంటల చేప బతకదు. చేప ఉంటే గుడ్డు మిగలదు, పిల్ల మిగలదు. అందుకే ఎండే కుంట చూసుకుంటయ్."

పోసవ్వ చెప్పింది కూడా ఇదే. ఆమె దగ్గర రబ్బరు బూట్లు లేవు కాబట్టి నాకు వినబడలేదు.

బండి జాడ

ఆ ఏడు మొదటి వానలకు కుంట దగ్గర కూర్చున్నాం. వేరే కప్పలు ఏవో అరిచాయి. డప్పు వినబడలేదు. వారం చూశాక మేడం సామాను సర్దుకోసాగింది. ఆ పొద్దున పోసవ్వ ఎదురొచ్చి, "కుంట కాడ ఏం దొరుకుతయ్? ఆ బాటల చూడుండ్రి, బండి గాళ్లల్ల," అని చేయి చూపించింది.

అది వెదురు లారీలు తిరిగిన అడవి దారి. చక్రాలు దిగబడ్డ చోట బారెడు పొడవు గాడి, అందులో వాన నీళ్లు. నీళ్ల మీద నల్లటి చుక్కలు పోసిన సన్నని పొర. మేడం మోకాళ్ల మీద కూలబడి, "ఇవి దానివే అన్నా," అంది. అడవిలో కుంట పోగొట్టుకున్న కప్పలు చివరికి లారీ చక్రం చేసిన గుంతలో గుడ్లు పెట్టాయి.

ఇక ఆ గాడికి కాపలా. మరునాడే రేంజరు ఇద్దరు అతిథులను వెంటబెట్టుకొని జీపులో వచ్చాడు. నేను దారికి అడ్డం నిలబడ్డాను. మా మాటలు మరాఠీలో నడిచాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఏమైంది రాజేశం? చెట్టు పడిందా?"

"లేదు సాబ్. దారిలో గుడ్లున్నాయి."

జీపులో వెనక కూర్చున్న ఒకావిడ తల బయటపెట్టి, "పులివా?" అని ఆత్రంగా అడిగింది.

"కాదమ్మా. పులి గుడ్లు పెట్టదు," అన్నాను. ఆమె నిరాశపడింది.

"దేనివి మరి?" అన్నాడు రేంజరు.

"కప్పవి సాబ్. నెల రోజులు కాపాడితే పిల్లలవుతాయి."

"నెల రోజులు నా జీపు ఈ దారిన పోవద్దంటావు."

"ఎడమ చక్రం పోకుంటే చాలు సాబ్."

అతిథుల ముందు నవ్వాలో తిట్టాలో ఆయనకు తేలలేదు. కాసేపు ఆ నీళ్లకేసి చూశాడు. "వెనక్కి తీ," అని డ్రైవరుతో అన్నాడు. ఈ మనిషి గురించి తర్వాత వేరే మాటలు కూడా రాయాల్సి ఉంది. కనుక జీపు వెనక్కి తీయించిన సంగతి ముందే రాస్తున్నాను.

రెండు వారాలకు వాన మొహం చాటేసింది. గాడిలో నీళ్లు అరచేతి లోతుకు దిగాయి. తోకపిల్లలు ఒకదాని మీద ఒకటి కొట్టుకుంటున్నాయి. రోజూ పొద్దున, సాయంత్రం వాగు నుంచి నీళ్లు మోసి మెల్లగా పోశాం. చాలా చచ్చిపోయాయి. కొన్నిటికి కాళ్లు వచ్చాయి. చింతగింజంత కప్ప ఒకటి నా బూటు ఎక్కి, అటు దిగి, ఆకుల్లోకి పోయింది. నాకు ఏమనిపించిందని మేడం అడిగింది. నడుం నొస్తోందని చెప్పాను. అదీ నిజమే.

రెండు క్యాన్లు

గాడి పని అయ్యాక మేడం కుంటలో వల వేసింది. వలలో అరచేయంత చేపలు ఎగిరిపడ్డాయి.

"ఇవి ఎట్లొచ్చినయన్నా? ఎవరన్న వదిలిండ్రా?"

"ఏమో మేడం. ఎరుక లేదు," అన్నాను.

అబద్ధం చెప్పడానికి ముందు ఆలోచించాల్సిన అవసరం కూడా రాలేదు. నౌకరిలో అంత సులభంగా వచ్చే మాట అదొక్కటే. ఆమె వరదకు కొట్టుకొచ్చాయేమోనని కుంట ఎగువన రెండు రోజులు వాగులన్నీ తిరిగి చూసింది. నేను దారి చూపిస్తూ వెంట నడిచాను. రాని వరద కోసం ఆమె రాళ్ల మీద జారిపడుతుంటే చేయి అందిస్తూ నడిచాను.

మూడు వారాలు తిండి సరిగా సహించలేదు. నా భార్య షుగరు పరీక్ష చేయించుకొమ్మంది. చివరికి ఒక సాయంత్రం రెస్టుహౌస్ అరుగు మీద చెప్పేశాను.

"మేడం, ఆ చేపలు నేనే పోసిన."

ఆమె తిడుతుందనుకున్నాను. నోటుబుక్కు తీసింది.

"ఏ నెలల?"

"కుంట తవ్విన ఏడు, శ్రావణంల."

"ఎన్ని క్యాన్లు?"

"రెండు."

రాసుకుంది. పుస్తకం మూసింది. "వాగులు తిరిగిన రెండు రోజులు వేరే పని చేసుకునేదాన్ని అన్నా," అంది మెల్లగా. అంతే. తిట్టి ఉంటే అది ఏనాడో మరిచిపోయేవాణ్ణి.

కొత్తవాళ్లకు ఇక్కడొక మాట. తప్పు చేయకుండా ఈ పని ఎవరూ చేయలేరు. అడవి మన ప్రశ్నలకు నాలుగేళ్లు ఆలస్యంగా జవాబు చెబుతుంది. కానీ చేసిన తప్పు దాస్తే, మన వెనక వచ్చేవాళ్లు లేని వరద కోసం వెతుక్కుంటారు.

గట్టు

చేయాల్సింది తేలికే. చలికాలం చివర గట్టు తెంపి కుంటను ఎండబెట్టాలి. చేపలు పోతాయి. తవ్విన లోతును కొంత పూడిస్తే వానకు మళ్లీ మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. తేలికగా లేనిది, చంద్రపూర్‌లో ఎండాకాలం ముందు నీళ్లు పారబోయడానికి అనుమతి అడగడం.

రేంజరు నా మాట మొత్తం విన్నాడు. మేడం రాసిచ్చిన కాగితం చదివాడు. తర్వాత అన్నాడు: "రాజేశం, వచ్చే నెల నా బదిలీ. నేను పోయాక తెంపు. బోర్డు మాత్రం ముట్టుకోకు."

నేను ముట్టుకోలేదు.

పోసవ్వ దగ్గరికి పోవడమే కష్టమైంది. ఆమె మేకలు మూడేళ్లుగా ఎండాకాలమంతా ఆ కుంటలోనే తాగుతున్నాయి.

"నువ్వు చెప్పిందే కరెక్టు, పోసవ్వా. కుంటను ఎండబెడ్తం," అన్నాను.

"ఇప్పుడు ఎరుకయ్యిందా." ఆమె సంతోషించినట్టు కనబడలేదు. "మరి నా మేకలు?"

"పల్లె బోరింగు కాడ తొట్టి కట్టిస్తం. ఫైలు పంపిన."

"ఎప్పటికి?"

"ఉగాదికల్ల."

"నువ్వు అంటున్నవ్ గనుక సరే," అంది.

గట్టు తెంపాం. నీళ్లు రెండు రోజులు పారాయి. అడుగున మిగిలిన చేపలను పల్లెవాళ్లు బుట్టలతో పట్టుకున్నారు. మా ఇంటికి కూడా ఒక గిన్నె పులుసు వచ్చింది. తిన్నాను. బాగానే ఉంది. నేల ఆరాక మట్టి పోయించి తవ్విన లోతును కొంత పూడ్చాం. బోర్డు ఎండిన గుంత పక్కన నిలబడి, ఏడాదంతా నీరు లభించును అంటూనే ఉంది.

తొట్టి

ఉగాది వచ్చింది. తొట్టి రాలేదు. కొత్త రేంజరు ఇంకా చేరలేదు, ఆ కుర్చీ ఖాళీ కాబట్టి దాని మీద సంతకం పెట్టే చేయి లేదు. వారానికోసారి ఆఫీసుకు పోయి అడిగేవాణ్ణి. వస్తది అనేవారు. నేను పోయి పోసవ్వతో వస్తది అనేవాణ్ణి.

ఆమె మేకలను పాతకాలంలో లాగా దూరం వాగుకు తోలుకుపోసాగింది. మే నెలలో ఒక మధ్యాహ్నం వాగు పొదల్లో చిరుతపులి రెండు మేకలను చంపింది. ఒకదాన్ని ఈడ్చుకుపోయింది, రెండోది అక్కడే పడి ఉంది. నేను పోయేసరికి పోసవ్వ దాని పక్కన కూర్చొని ఈగలు తోలుతోంది. చచ్చిన మేకకు ఈగలు తోలడం ఎందుకని ఎవరూ అడగలేదు.

"మునుపు గూడ గీ వాగుకే వచ్చేదాన్ని సాబ్," అంది. "అప్పుడు నా కాళ్లు మంచిగుండె. ఉరికేదాన్ని, కట్టె ఇసిరేదాన్ని. ఇయ్యాల అరుసుడే అయ్యింది."

నేను కూడా పక్కన కూర్చొని ఈగలు తోలసాగాను.

"నీ కప్పలు మంచిగున్నయా?"

"ఇంక వానలు పడలే, పోసవ్వా."

"పడితే చూడు. నా రెండు మేకలు పోయినందుకు ఎన్నొస్తయో చూడు."

ఆ రోజు ఇంటికి పోలేదు. రాజురాలో బావులు తవ్వే మేస్త్రీని పట్టుకొని, బావికి వేసే సిమెంటు వరలు రెండు ట్రాక్టరులో వేయించుకొని పల్లెకు వచ్చాను. పోసవ్వ కొడుకులు, నేను, మేస్త్రీ కలిసి వాటిని బోరింగు పక్కన సగం పాతి, అడుగు బిగించి, బోరింగు కింద పోయే నీళ్లు అందులో పడేలా కాలువ తీశాం. రెండు రోజుల పని. ఫైలులో అది అప్పటికి నాలుగు నెలలుగా ప్రయాణం చేస్తోంది. ఇప్పటికీ చేరిన దాఖలా లేదు.

నా పనితనం గురించి నాకున్న గట్టి అభిప్రాయం ఇదొక్కటే: ముందు తొట్టి కట్టాలి, తర్వాత గట్టు తెంపాలి. నేను ఉల్టా చేశాను. కప్పను కాపాడిన ఖర్చు పోసవ్వ మీద పడింది. మీటింగుల్లో మనం చెప్పే మంచి కథలన్నిటి వెనక ఇట్లాంటి పోసవ్వ ఒకామె ఉంటుందని నా అనుమానం. కథ చెప్పేటప్పుడు ఆమెను పిలవరు.

మళ్లీ వాన

ఆ వానాకాలం కుంటలో డప్పు మోగలేదు. మేడం రెండుసార్లు వచ్చి పోయింది. కప్పలు ఎన్నేళ్లు మట్టిలో ఓపిక పడతాయో, గాడిలో నుంచి బతికి బయటపడ్డవి పెద్దవై తిరిగి ఏ నీళ్లకు వస్తాయో తనకు కూడా తెలీదంది. తెలీదు అని అంత తేలికగా చెప్పే చదువుకున్న మనిషిని నేను మొదటిసారి చూశాను.

మరుసటి ఏడు మే నెలాఖరుకు నేను దిగిపోయాను. శాలువా, కొబ్బరికాయ, గోడ గడియారం ఇచ్చారు. జూన్‌లో పొద్దున్నే ఫోను మోగింది. పోసవ్వ కొడుకు ఫోను, మాట ఆమెది.

"రాజేశం! ఏం మొత్తుకునుడు మొత్తుకుంటున్నయ్! రాత్రంత కంటిమీద కునుకు లేదు. ఊరంత నన్నే తిడ్తున్నరు. నువ్వొచ్చి ఆపిపో!"

మేడంకు ఫోను చేసి చెప్పి, బండి తీశాను. నేను చేరేసరికి ఎండ ఎక్కింది, అరుపులు ఆగిపోయాయి. కుంట ఒక పక్కన పోసవ్వ ముళ్లకంప నరికి అడ్డం వేయించింది. కంప అవతల, లోతు తక్కువ నీళ్ల మీద, నల్లచుక్కల పొర. గాడిలో చూసింది బారెడు. ఇది గది నేలంత ఉంది. నేను చెప్పులు విప్పేసి, ఎందుకు విప్పానో తెలీక, మళ్లీ తొడుక్కున్నాను.

పోసవ్వ మేకలను అటు పోనీయకుండా కట్టెతో అదిలిస్తోంది. వాన పడ్డాక వాటికి తొట్టి గుర్తు రాదు, కుంటే కావాలి.

"చూసినవా?" అంది.

"చూసిన."

"మస్తుగున్నయి గద?"

"మస్తుగున్నయి, పోసవ్వా."

ఆమె తల ఊపింది. నా ప్యాంటు, చొక్కా కిందికీ మీదికీ చూసింది.

"నీ నౌకరి అయిపోయిందట గద. ఇగ నీకు పనేముంది?"

"ఏం లేదు."

"గట్లయితే గీ కట్టె పట్టు. నేను పొద్దుగాల్ల నుంచి ఏం తినలే."

కట్టె నా చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా పల్లె వైపు నడిచింది. మేడం వచ్చేదాకా, అంటే మధ్యాహ్నం దాకా, నేను ఆమె మేకలను కాశాను. ఒక్కటి మాత్రం నన్ను తప్పించుకొని పోయి కంప సందులో మూతి పెట్టి నీళ్లు తాగింది. మేడంకు ఆ సంగతి మొదటే చెప్పాను. ఏ మూలన తాగిందని అడిగి, రాసుకుంది.